ఏడో ముడి

సోమవారం పొద్దున ఏడింటికే ముందుగదిలో జిగురు ఉడుకుతోంది. ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు పొయ్యి ఎక్కేది జిగురు గిన్నే. ముందుగది బైండింగు షాపు, వెనక రెండు గదులు ఇల్లు. మధ్యలో తలుపు ఉంది గానీ దాన్ని ఎవరూ ఎప్పుడూ వెయ్యరు. అందుకే అన్నం కంచంలో అప్పుడప్పుడూ దారప్పోగు కనిపిస్తుంది, కుట్టిన రిజిస్టర్లకి కూర వాసన అంటుకుంటుంది.

తాతయ్య చెక్క ప్రెస్సు బిగిస్తున్నాడు. పిన్ని చాప మీద కూర్చుని దబ్బనంతో ఫారాలు కుడుతోంది. పదహారు పేజీలు ఒక మడతగా వచ్చేదాన్ని వాళ్ళు ఫారం అంటారు. ఫారం మీద ఫారం కుట్టుకుంటూ పోతే పుస్తకం అవుతుంది. ఆ ఇంటి పిల్లకి అక్షరాల కంటే ముందు ఈ లెక్క వచ్చింది.

ఆ పిల్లకిప్పుడు పదమూడేళ్ళు. సన్నగా ఉంటుందనీ, ఊరికే గుచ్చుతుందనీ తాతయ్య సూది అని పేరు పెట్టాడు. బడిలో మాత్రం నోరు విప్పదు. గుచ్చేదంతా ఇంట్లోవాళ్ళనే.

ఆ పొద్దున సూది కత్తిరింపు బల్ల దగ్గర నిలబడి ఏదో రాస్తోంది. పెన్ను ఎంత గట్టిగా నొక్కుతోందంటే కాగితం రెండు చోట్ల చిరిగింది.

"ఏం రాస్తున్నావే అంత కోపంగా? ఆ పెన్నేం చేసింది నిన్ను?" అంది పిన్ని తలెత్తకుండానే.

"పెన్నేం చెయ్యలేదు. సినిమా చేసింది."

పిన్ని చేతిలో దబ్బనం సగం దిగి ఆగింది. ఏ సినిమా అని అడగలేదు. నెల రోజులుగా ఊరంతా ఒకటే సినిమా పోస్టర్లు. సూదికి ప్రాణంతో సమానమైన పిల్లల నవలని సినిమాగా తీశారు. వెళ్తానని సూది మూడుసార్లు అడిగింది, పిన్ని మూడుసార్లూ వద్దంది. ఒకసారి తలనొప్పి వస్తుందంది, ఒకసారి పరీక్షలంది, మూడోసారి ఊరికే వద్దంది. నిన్న మధ్యాహ్నం స్నేహితురాలింట్లో చదువుకుంటానని చెప్పి వెళ్ళిన పిల్ల, ఆ స్నేహితురాలితోనూ వాళ్ళమ్మతోనూ కలిసి సినిమాకి వెళ్ళొచ్చింది. చెప్పేసి నిలబడింది, తిడితే తిట్టనీ అన్నట్టు.

పిన్ని తిట్టింది. అబద్ధం చెప్పి వెళ్ళినందుకు తిట్టింది, వాళ్ళింటి నుంచి ఒంటరిగా తిరిగొచ్చినందుకు తిట్టింది, రాత్రి అన్నం సరిగ్గా తినకపోతే ఒంట్లో బాగాలేదేమోనని తనని కంగారు పెట్టినందుకు ఇంకాస్త తిట్టింది. సూది అంతా విని, "అయిపోయిందా? నాకు ఇంకో మూడు పాయింట్లు రాయాలి" అంది.

తాతయ్య ప్రెస్సు వెనక నుంచి నవ్వాడు. పిన్ని అటు చూసేసరికి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

ఆ వేళ బడిలో లైబ్రరీ పీరియడు ఉంది. నవలకీ సినిమాకీ తేడాలు రాసి తెమ్మని లైబ్రరీ మేడమ్ చెప్పింది. సూది కాగితం మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు పుస్తకం, కుడివైపు సినిమా అని రాసుకుంది. పంతొమ్మిది తేడాలు దొరికాయి. పుస్తకంలో దీపాలు వెలిగించే పిల్లకి తొమ్మిదేళ్ళు, సినిమాలో పిల్లకి కాటుకా, పొడుగు జడా పెట్టి పదహారేళ్ళు చేశారు. పుస్తకంలో ఆ పిల్ల చెట్టు బెరడు పడవలో మంచు నది దాటుతుంది, సినిమాలో దానికి ఇనప ఓడ కట్టిచ్చారు. పడవలో తోడుగా వచ్చేది ఒంటికాలి కొంగ. ఆ కొంగ ఏం చెప్పినా అబద్ధమే చెబుతుంది. దాని మాటని తిప్పి అర్థం చేసుకుంటేనే దారి దొరుకుతుంది. సినిమాలో కొంగ లేదు, పాటలు పాడే చిలక ఉంది. "చిలక," అని సూది పళ్ళ బిగువున చదివింది. "తాతయ్యా, చిలకట."

"కొంగకి డాన్సు రాదు కదే మరి, ఒక్క కాలితో" అన్నాడు తాతయ్య.

"నువ్వు నవ్వించకు. నాకు కోపంగా ఉంది."

అసలు కోపం పదిహేడో పాయింటు దగ్గర ఉంది. ఆ పిల్ల నది దాటి వెళ్ళేది వాళ్ళమ్మ కోసం. గాజు మేడలో రాత్రుల రాణి ఆమెని ఏడు ముళ్ళతో స్తంభానికి కట్టేసింది. పిల్ల ఆరు ముళ్ళు విప్పుతుంది. ఏడోది రాదు. గోళ్ళు విరిగినా రాదు. ఏ రోజు ఆ ముడి దానంతటది వదులవుతుందో ఆ రోజు వస్తానని తల్లి మాటిస్తుంది. పిల్ల తన దీపం తల్లికి ఇచ్చేసి ఖాళీ చేతులతో పడవ ఎక్కుతుంది. సినిమావాళ్ళు ఆ ముడిని విప్పేశారు. ముడి ఊడిపోయినా తల్లి రాలేదు. వానలో తడుస్తూ, వయొలిన్లు మోగుతుంటే, ఐదు నిమిషాలు ఏడుస్తూ కారణాలు చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

"కట్లు లేకపోయినా రాని తల్లి ఉంటుందా? అంత మంచి కథని పాడు చేశారు. ఆ డైరెక్టరు కనబడితే దబ్బనంతో పొడుస్తాను" అంది సూది.

ఆ గదిలో ఎవరూ నవ్వలేదు. పిన్ని దారానికి మైనం రాయడం మొదలుపెట్టింది, అప్పటికే రాసిన దారానికే మళ్ళీ. కాసేపాగి, ఆ పదిహేడోది కొట్టెయ్యి, మిగతా పద్దెనిమిదీ చాలు అంది. ఎందుకని అడిగింది సూది. ఊరికే అంది పిన్ని. ఇది రెండో ఊరికే అని సూది కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, వెళ్తున్నానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ నవల సూది ఆరో పుట్టినరోజుకి వచ్చింది. ఎవరో బైండింగుకి ఇచ్చి తీసుకెళ్ళడం మరిచిపోయిన పాత పుస్తకం. పిన్ని దాన్ని విప్పి, కొత్తగా కుట్టి, తాతయ్యతో నీలం గుడ్డ అట్ట వేయించి ఇచ్చింది. అట్ట కాస్త మందంగా కుదిరింది. వెనకవైపు మరీను. ఈ పుస్తకానికి వెనక కొవ్వు పట్టిందని తాతయ్య ఎప్పుడూ అంటుండేవాడు. నూట డెబ్బై ఆరో పేజీ తరవాత నూట తొంభై మూడో పేజీ వస్తుంది. మధ్యలో పేజీలేవని చిన్నప్పుడే సూది అడిగింది. అచ్చు వేసినవాళ్ళు ఒక ఫారం మరిచిపోయారనీ, అక్కడ ఉన్న కథ తనకి నోటికి వచ్చనీ పిన్ని చెప్పింది. రాని ఏడో ముడి కథ అలా పిన్ని నోటి నుంచే వచ్చింది. పడవలో తిరిగొస్తూ, అమ్మ ఎప్పటికైనా వస్తుందా అని పిల్ల కొంగని అడుగుతుంది. కొంగ రాదంటుంది. కొంగ చెప్పేదంతా అబద్ధం కాబట్టి వస్తుందన్నమాట. అక్కడికి రాగానే ఆరేళ్ళ సూది చప్పట్లు కొట్టేది.

సూదికి నాన్న గుర్తే లేడు. ఊహ తెలియకముందే పోయాడు. సూది ఐదో ఏట అమ్మ వేరే ఊరి ఆసుపత్రిలో పని దొరికిందని వెళ్ళింది. ఆరు నెలల్లో వచ్చి తీసుకెళ్తానంది. ఆరు నెలలు ఎనిమిదేళ్ళయ్యాయి. ఆసుపత్రివాళ్ళు పంపడం లేదని పిన్ని చెప్పేది. పిన్ని అంటే అమ్మ సొంత చెల్లెలు. మొదట్లో సూది రోజూ అడిగేది, తరవాత వారానికోసారి, తరవాత పుట్టినరోజునాడు మాత్రమే. అలా అడిగినప్పుడల్లా పిన్ని ఒంటికాలి మీద లేచి, మెడ సాచి, కొంగ గొంతుతో "రాదు" అనేది. ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. అది వాళ్ళిద్దరికీ అలవాటైన ఆట. తాతయ్య మాత్రం ఆ సమయానికి ఏదో పని గుర్తొచ్చి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు.

లైబ్రరీ పీరియడులో సూది మొట్టమొదటిసారి తనంతట తాను లేచి చదివింది. పదహారో పాయింటు దాకా గొంతు వణికింది. పదిహేడు దగ్గర కోపం వచ్చింది కాబట్టి వణుకు పోయింది. ఏడో ముడి రాకపోవడమే ఈ కథ అనీ, దాన్ని విప్పేసి ఆ తల్లిని చెడ్డదాన్ని చేశారనీ, పుస్తకం చదవనివాళ్ళే ఇలాంటి సినిమా తీస్తారనీ గట్టిగా చదివింది.

ముందు బెంచీలో కళ్ళజోడు పిల్ల వెనక్కి తిరిగి, "పుస్తకంలోనూ విప్పుతుంది కదా" అంది. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

సూది విప్పదంది. కళ్ళజోడు పిల్ల విప్పుతుందంది. నేను ఎనభైసార్లు చదివానని సూది అంది. మరి ఎనభైసార్లూ నిద్రపోయావా అని వెనక నుంచి ఎవరో అన్నారు. క్లాసంతా నవ్వింది. లైబ్రరీ మేడమ్ నవ్వకుండా లేచి, అలమరలోంచి ఆ పుస్తకం తీసి, పేజీ వెతికి, చదువుకోమ్మా అని సూది ముందు పెట్టింది. పేజీ అంకె నూట డెబ్బై ఏడు.

సూది నిలబడే చదివింది. ఏడో ముడి ఊడివచ్చింది. మిగతా ఆరు ముళ్ళ కంటే తేలిగ్గా వచ్చింది. తల్లి లేచి, చీర దులుపుకుని, పిల్ల ముఖం మీద పడిన జుట్టు ఒకసారి వెనక్కి సర్దింది. తరవాత మేడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఎందుకో చెప్పలేదు. ఒక్క మాట కూడా లేదు. పిల్ల దీపాన్ని నదిలోకి విసిరికొట్టింది. ఆ తరవాత మూడు పేజీల నిండా ఆ పిల్ల కోపమే ఉంది. అరిచింది, పడవని తన్నింది, కొంగ ఈకలు పీకింది. ఆఖరికి అలిసిపోయి, అమ్మ ఎప్పటికైనా వస్తుందా అని అడిగింది.

"వస్తుంది" అంది కొంగ.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే సూది ఆ పుస్తకం అడిగి తీసుకుని ఇంటికొచ్చింది. దారంతా ఎండలో నడిచినా చెప్పులు వేసుకోలేదని గుమ్మం దగ్గరికి వచ్చాక తెలిసింది. అవి లైబ్రరీ బయటే ఉండిపోయాయి.

పిన్ని అదే చాప మీద ఉంది. సూది లోపలి నుంచి తన నీలం పుస్తకం తెచ్చింది. రెండు పుస్తకాలూ కత్తిరింపు బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"పన్నెండో ఫారం ఏది?"

అచ్చువాళ్ళు మరిచిపోయారని చెప్పాను కదా అంది పిన్ని. గొంతు మామూలుగానే ఉంది గానీ కుట్టు వంకర పోయింది.

"బైండరు ఇంట్లో పెరిగినదానికి ఆ మాట చెప్తున్నావా? కుట్టేముందు ఫారాలు లెక్కపెట్టడం నాకు నేర్పింది నువ్వే. ఒక్కటి తక్కువైతే కుట్టకుండా వెనక్కి పంపిస్తావు. ఎవరికీ కుట్టివ్వని తప్పుడు పుస్తకం నాకొక్కదానికే కుట్టిచ్చావా?"

పిన్ని వంకర పోయిన కుట్టు విప్పడం మొదలుపెట్టింది. అది చూసి సూదికి ఇంకా మండింది. తాను క్లాసులో నవ్వులపాలైన సంగతి చెప్పింది. సినిమావాళ్ళని తిట్టిన తిట్లన్నీ తిరిగి ఎవరికి తగలాలో చెప్పమంది. వాళ్ళు కొంగని చిలక చేశారు అంతే, నువ్వు కథనే మార్చేశావు అంది. మాట్లాడుతున్న కొద్దీ గొంతు పెరిగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు తొంగిచూశారు. తాతయ్య లేచి వెళ్ళి, పగటిపూట ఎప్పుడూ వెయ్యని వీధి తలుపు దగ్గరికి వేశాడు.

"ముడి ఊడినా ఆమె రాలేదు. మా అమ్మ కూడా అంతేనా?"

"అరవకు."

"అంతేనా అని అడుగుతున్నాను."

పిన్ని దబ్బనం విసిరేసింది. అది గోడకి తగిలి టప్పున కింద పడింది. పిన్ని పనిముట్టు విసరడం సూది ఎన్నడూ చూడలేదు.

"అంతే," అంది పిన్ని. "ఎవరూ కట్టెయ్యలేదు మీ అమ్మని. వెళ్ళిన ఏడాదికి ఉత్తరం వచ్చింది. రెండే లైన్లు. నేనిక రాను, పాపని చూసుకో, నా కోసం ఎవరూ రావద్దు. ఎందుకో రాయలేదు. ఇంకేమైనా ఉందేమోనని కాగితం వెనక్కి తిప్పి చూశాను. దీపం దగ్గర పెట్టి చూశాను. ఏమీ లేదు. ఆ వారమే ఈ దిక్కుమాలిన పుస్తకం కుట్టడానికి తీసుకున్నాను. నీ పుట్టినరోజుకి ఇస్తానని ముందే నోరు జారాను. పన్నెండో ఫారం చదివాక ఏం చెయ్యమంటావు నన్ను? నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అది చదివి వినిపించనా?"

"చెప్పాల్సింది. నిజం చెప్పాల్సింది."

"ఆరేళ్ళ పిల్లకా?"

"ఏడేళ్ళకి చెప్పొచ్చుగా. పదేళ్ళకి చెప్పొచ్చుగా. ప్రతి పుట్టినరోజుకీ అడిగాను కదా నిన్ను."

"చెప్పానుగా," అంది పిన్ని. అప్పటిదాకా లేని ఏడుపు ఆ మాటతో గొంతులోకి వచ్చింది. "ప్రతిసారీ చెప్పాను. రాదనే చెప్పాను. నువ్వే నవ్వేదానివి."

ఆ కొంగ ఆట, ఆ ఒంటికాలు, ఆ సాచిన మెడ, అన్నీ ఒక్కసారి సూది కళ్ళముందుకొచ్చాయి. నవ్వుతున్నప్పుడు పిన్ని ముఖం ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. తాను ఎప్పుడూ ఆ కాలి వంకే చూసింది.

"పుస్తకంలో ఆ పిల్లకి కోపం వచ్చింది, పిన్నీ" అంది చివరికి. గొంతు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. "మూడు పేజీలు. దీపం విసిరేసింది, కొంగని కొట్టింది. నువ్వు చెప్పిన కథలో ఆ పిల్ల బుద్ధిగా దీపం ఇచ్చేసి వచ్చింది. నేను ఏడేళ్ళు అలాగే బుద్ధిగా ఉన్నాను. నాకు రావాల్సిన కోపం కూడా నువ్వే తీసేశావు."

"ఎక్కడికీ పోలేదు అది. నేనే పెట్టుకున్నాను" అంది పిన్ని. "నీ వంతూ నా వంతూ కలిపి. మా అక్క మీద నీకు కోపం రాకూడదనుకున్నాను. ఎప్పుడైనా మనసు మారి వస్తే, కోపం లేని పిల్ల ఎదురెళ్ళాలనుకున్నాను. రాదని తెలిసి కూడా అనుకున్నాను. సరేనా? ఇప్పుడు తిట్టు."

సూది తిట్టలేదు. ఆ ఫారం ఏం చేశావని అడిగింది. పొయ్యిలో వెయ్యమని తాతయ్యకిచ్చాననీ, ఆ రోజే కాలిపోయిందనీ పిన్ని చెప్పింది.

తాతయ్య ప్రెస్సు దగ్గర నుంచి లేచాడు. నీలం పుస్తకం తీసుకుని, వెనక అట్ట మీద బొటనవేలితో రాసి చూసి, కత్తితో గుడ్డ అంచు కోశాడు. అట్ట రెండు పలకలుగా విడిపోయింది. మధ్యలో, అంచులు తప్ప ఎక్కడా జిగురు తగలకుండా, ఎనిమిది కాగితాలు పరిచి ఉన్నాయి. కాస్త పసుపు రంగు తిరిగాయి, అంతే.

పిన్ని లేచి వచ్చి పై కాగితం మీద అంకె చూసింది, నూట డెబ్బై ఏడు.

"యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. చేతికొచ్చిన ఫారం ఏనాడూ కాల్చలేదు" అన్నాడు తాతయ్య. "నువ్వు పొయ్యిలో వెయ్యమన్నావు, నేను అట్టలో పెట్టాను. ఈ పిల్ల అడిగిన రోజున ఇవ్వాలనుకున్నాను. వెళ్ళిపోయిందీ నా బిడ్డే, దాచిందీ నా బిడ్డే, ఎవరిని ఏమనను?" అని కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. అద్దాలు తుడిచాక చాలాసేపు కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

సూది ఆ కాగితాలని ఒక్కొక్కటే తీసింది. ఏడేళ్ళుగా ఒళ్ళో పెట్టుకుని, తలకింద పెట్టుకుని పడుకున్న పుస్తకం. వాటిని వరసలో పెట్టి, రెండేసి కలిపి మడత దగ్గర చిరిగినచోట పల్చటి కాగితం అంటించి, ఎముక పలకతో నొక్కింది. ఆ పని ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పనక్కరలేదు. తరవాత గోడ దగ్గర పడిన దబ్బనం తెచ్చి పిన్ని ముందు పెట్టింది.

"నేను కుడతాను. నువ్వు పట్టుకో."

పాత కుట్లు విప్పడానికే గంట పట్టింది. ఆ వేళ బడికి తిరిగి వెళ్ళమని ఎవరూ అనలేదు. పొయ్యి మీద జిగురు గడ్డకట్టింది, అన్నాలు ఎవరికీ గుర్తు రాలేదు. పిన్ని ఫారాలు ఒక్కొక్కటే అందించింది. పదకొండు అయ్యాయి. పన్నెండోది అందించేటప్పుడు పిన్ని చెయ్యి ఆగింది. సూది దాన్ని లాక్కోలేదు, ఇచ్చేదాకా ఆగింది. సినిమాలో ఆవిడ ఐదు నిమిషాలు ఏడ్చి కారణాలు చెబుతుందనీ, పుస్తకంలో ఏమీ చెప్పదనీ, తనకి పుస్తకమే బాగుందనీ మెల్లిగా అంది. పిన్ని తలూపింది.

పదమూడోది కుట్టి, దారం చివర ముడి వెయ్యబోతూ సూది ఆగింది.

"అమ్మ వస్తుందా, పిన్నీ?"

పిన్ని రెండు పాదాలూ నేల మీద ఆనించుకుని కూర్చుని ఉంది. సూది మొదటిసారి కాళ్ళవంక కాకుండా ముఖంలోకి చూసింది.

"రాదు" అంది పిన్ని తన మామూలు గొంతుతోనే.

సూది కళ్ళలోంచి నీళ్ళు టపటపా కాగితం మీద పడ్డాయి. పిన్ని గబుక్కున పైట కొంగుతో అద్దింది, మొదట కాగితాన్ని, తరవాత పిల్ల ముఖాన్ని.

"నాకింకా కోపంగానే ఉంది" అంది సూది. "నీ మీద కూడా."

"ఉండనీ," అంది పిన్ని. "దారం వదలకు. గట్టిగా లాగి ముడెయ్యి."